అదే కొలత

మార్చి 4

అక్కకి నమస్కారాలు.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. పెన్ను పట్టి చాలా కాలమైంది, నా అక్షరాలు నాకే పరాయివాళ్ళవిలా ఉన్నాయి. కానీ ఇవి ఫోనులో చెప్పుకునే మాటలు కావు. మా రెండు గదుల మధ్య ఉన్నది చెక్క గోడ. ఇవతల నేను గొంతు తగ్గిస్తే చాలు, అవతల నా కూతురు ఊపిరి బిగబట్టి వింటుంది. మొన్న నువ్వు ఫోను చేస్తే నేను ఆఁ, ఊఁ తప్ప మాట్లాడలేదని అలిగావు. ఆ ఫోను పెట్టీ పెట్టగానే అది తలుపు దగ్గరికొచ్చి, "నా గురించేనా అమ్మా?" అంది. కాదన్నాను. అప్పటినుంచి ఫోను మోగితేనే నాకు భయం. అందుకే షాపులో, భోజనాల వేళ, గుడ్డ కత్తిరించే బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నువ్వూ ఈ షాపు అడ్రసుకే రాయి, ఇంటికి వద్దు.

నిరుడు దానికి జబ్బు చేసినప్పుడు నీకు సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో మనం లేనప్పుడు ఇంట్లోకొచ్చి తన వస్తువులు మార్చేసి పోతున్నారనేది. అచ్చం అలాంటివే తెచ్చి పెట్టి, తనవి పట్టుకుపోతున్నారట. పళ్ళ బ్రష్షు తనది కాదు, చెప్పులు తనవి కావు, దుప్పటి తనది కాదు. తాళం మార్పించాను. కొత్త తాళం కూడా వాళ్ళదే అంది. చివరికి ఒకరోజు నన్ను కూడా అలాగే ఎగాదిగా చూసింది, నేను దాని తల్లినా, తల్లిలాంటి ఇంకెవరైనానా అన్నట్టు. ఆ చూపు పగవాళ్ళకి కూడా వద్దక్కా.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు దాన్ని వెనక్కి తెచ్చాయి. దేవుడి దయ. మళ్ళీ స్కూలుకి పాఠాలు చెప్పడానికి పోతోంది. ఆ చిన్నపిల్లల క్లాసులో నేర్పే పాటలు ఇంట్లో గిన్నెలు తోముతూ పాడుకుంటోంది. మధ్యలో ఒకసారి బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేసింది. ఏమైందో తెలుసా, చెప్పుల్లేకుండా ఎండలో బస్టాండు దాకా నడిచిపోయి బెంచీ కింద దూరి కూర్చుంది. ఒక బస్సు డ్రైవరు దాని స్కూలు కార్డు చూసి ఫోను చేశాడు. పుణ్యాత్ముడు.

ఇప్పుడు నా భయమేమిటంటే, దానికి ఒళ్ళొస్తోంది. నడుము, పొట్ట, మెడ. నెలనెలా తెలుస్తోంది. డాక్టరమ్మ మందు వల్లే అంది. మొదట్లోనే ఇది ఆవిడ ముందు కూర్చుని చెప్పింది: "లావైతే మాత్రం నేను ఈ మాత్రలు మింగను, ముందే చెబుతున్నా." అది మాట మీద నిలబడే పిల్ల. అందుకని దానికి తెలియకుండా చూస్తున్నాను. బట్టల సంగతి నేను చూసుకుంటున్నాను. ఎవరికీ చెప్పకు. బావగారికి కూడా.

దేవుడు ఎలా నడిపిస్తే అలా.

నీ చెల్లి


మార్చి 12

చెల్లికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి ఫ్యాక్టరీలో, బిస్కెట్ల పెట్టెల వెనక దాక్కుని. ఇంకోసారి ఇంట్లో, బాత్రూములో. మీ బావ బయటినుంచి "లోపల నిద్రపోయావా?" అని తలుపు కొట్టేదాకా.

ఒళ్ళొచ్చిందని ఇంత భయమేమిటే? ఈ ఫ్యాక్టరీలో చేరినప్పుడు నేనూ సన్నగానే ఉండేదాన్ని. విరిగిన బిస్కెట్లు ఎవరో ఒకరు తినాలిగా మరి. ఇప్పుడు ప్యాకింగు సెక్షను తలుపులో నేను నిలబడితే వెనకవాళ్ళకి గాలాడదని మా సూపర్వైజరు నవ్వుతాడు. నవ్వనీ, నాకేం తక్కువ? తినే వయసు పిల్ల, తింటోంది. జబ్బు నయమైతే ఒళ్ళు రాక ఏమవుతుంది?

అయితే ఒక మాట. నువ్వు రాసింది నేను తిప్పి తిప్పి చూశాను. పొట్ట వస్తోందంటావు. నెలనెలా తెలుస్తోందంటావు. బట్టల సంగతి నేను చూసుకుంటున్నానంటావు. ఎవరికీ చెప్పొద్దంటావు, బావకి కూడా. మందుల వల్ల పొట్ట రావడం నేనెక్కడా వినలేదు. నేను కూడా ఇద్దరిని కన్నదాన్నే. నాతో దాచకు. ఎవరు వాడు? ఆ స్కూల్లోవాడా? తిట్టను. పెళ్ళికి ఒప్పుకుంటాడా లేదా, అంతవరకే చెప్పు.

నువ్వు చెప్పవని తెలుసు, చిన్నప్పటినుంచీ నీకు నోట్లో మాట నోట్లోనే. అందుకని దానికి ఒక గౌను కొని మీ ఇంటికి పార్సిలు వేశాను. పోయినేడాది దానికి నీలం గౌను కొన్న షాపే, అదే కుట్టు, అదే నంబరు. రంగు మాత్రం తోపు ఎరుపు. అది పట్టిందంటే నా అనుమానం తప్పు, నీ కాళ్ళు పట్టుకుంటాను. పట్టలేదంటే నిజం చెప్పు. పైన చీటీ కూడా రాసి పెట్టాను, "మా అగ్గిపుల్లకి, పెద్దమ్మ" అని.

కోపం వద్దు. నీ మంచికే.

అక్క


మార్చి 17

అక్కా,

ఎవరు వాడు అని అడిగావు. ఆ మాట చదివి కత్తెర కింద పెట్టేశాను. మా యజమాని "ఏమైందమ్మా, వేలు తెగిందా?" అని లేచి వచ్చాడు. తెగిందనే చెప్పాను.

ఎవడూ లేడు. ఉంటే ఇంత భయపడను. మనసులోవాడి పేరు చెప్పి నా ముందు నిలబడితే సంతోషించేదాన్ని. అక్కా, నువ్వు ఆ ఆకలి చూడలేదు. తిని చెయ్యి కడుక్కుంటూనే మళ్ళీ గిన్నె మూత తీస్తుంది. గోడవైపు తిరిగి తింటుంది, సిగ్గుతో. ఇది తిండియావ కాదు, మందు పెంచే ఆకలి, కొందరికి ఇలా ఒళ్ళొస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. "మరీ ఇబ్బందైతే నాకు చెప్పండి, ఇంకో మందు చూద్దాం" అని కూడా అంది. నేను చెప్పలేదు. ఇంకో మందంటే ఈ మందు ఆపాలి కదా. ఆపితే బెంచీ కింద కూర్చున్న పిల్ల నాకు కళ్ళ ముందు కనపడుతుంది.

నేను చేస్తున్నది ఇప్పుడు పూర్తిగా చెబుతాను. దాని బట్టలు చాలావరకు నేను కుట్టినవే. పెరిగే పిల్ల కదా అని పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి కుట్టేదాన్ని. అది పెరగడం ఆగిపోయినా నా చెయ్యి ఆ అలవాటు మానలేదు. ఇప్పుడా గుడ్డ అక్కరకొచ్చింది. అది స్కూలుకి పోగానే బీరువాలోంచి ఒకటో రెండో సంచిలో వేసుకుని షాపుకి తెస్తాను. కుట్టు విప్పి, కొంచెం పక్కకి జరిపి, అదే రంగు దారంతో మళ్ళీ వేస్తాను. పాత కుట్టు గీత కనపడకుండా తడిగుడ్డ మీద వెనిగర్ చుక్కలు వేసి ఇస్త్రీ చేస్తాను. నువ్వు కొన్న నీలం గౌనుకి లోపల గుడ్డ తక్కువ. అందుకని నడుము దగ్గర పట్టిన మడతలు విప్పేశాను. సాయంత్రం అది వచ్చేసరికి అన్నీ యథాస్థానంలో ఉంటాయి. నిలువుటద్దం షాపులో కావాలని చెప్పి ఇక్కడికి తెచ్చేశాను. ఆస్పత్రిలో బరువు చూసే మిషను మీద వెనక్కి తిరిగి నిలబడటమే రూలని నర్సమ్మ చేత చెప్పించాను.

నేను అబద్ధమాడే మనిషిని కాదు, నీకు తెలుసు. రోజూ పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు, దేవుడా, ఇది అబద్ధం కాదు, కుట్టుపని అని చెప్పుకుంటున్నాను.

పోయిన వారం క్లాసులో ఒక బుడంకాయ, "టీచర్, మీ పొట్టలో పాపాయి ఉందా?" అని అడిగిందట. నువ్వడిగినట్టే. ఇంటికొచ్చి, "నేను లావయ్యానా అమ్మా?" అంది.  "బట్టలు అవే కదే, పడుతున్నాయి కదా" అన్నాను. అది చొక్కా అంచు పట్టుకుని చూసుకుంది. "అవును, అవే" అంది. తేలికపడ్డట్టే కనిపించింది. పిల్లల్ని దింపడానికొచ్చే తల్లులు కూడా ఒకరిద్దరు అదే మాట అన్నారట. "అందరూ ఒకటే మాట ఎలా అంటారమ్మా? ఎవరో చెప్పి అనిపిస్తున్నట్టుంది" అంది. పోనీలే, నమ్మింది కదా అని నేను "అయ్యుండొచ్చు" అన్నాను.

అక్కా, ఆ గౌను ఎందుకు పంపావు? అదే షాపు, అదే నంబరు! రెండు రోజులుగా పొద్దునపూట షాపుకి పోకుండా గేటు దగ్గర నిలబడుతున్నాను, పోస్టతను రాగానే అందుకుందామని. తలనొప్పని చెప్పాను. అది నాకు నుదుటికి మందు రాసి స్కూలుకి పోయింది. ఆ చెయ్యి అలా నుదుటి మీద పెడితే ఏడుపాగలేదు.

నువ్వేమీ రాయకు, ఏమీ పంపకు. ప్రార్థన చెయ్యి.

చెల్లి


మార్చి 22

చెల్లీ,

నన్ను చెప్పుతో కొట్టు. ఎవరు వాడు అని రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. నీ ఉత్తరం చదివి పార్సిలు వెనక్కి తెప్పిద్దామని పోస్టాఫీసుకి పరిగెత్తాను. ఈ ఒంటితో నేను పరిగెత్తితే వీధంతా చూసింది. వెళ్ళిపోయింది, ఇంక మా చేతిలో లేదన్నారు.

అది అలా ఉంచు. నేను నీ ఉత్తరం మడిచి పెట్టాక, బిస్కెట్ల బెల్టు ముందు నిలబడ్డాక తట్టింది. నీకు తట్టలేదా? అది నిరుడు ఏమనేది? ఎవరో మనం లేనప్పుడు ఇంట్లోకొచ్చి, అచ్చం అలాంటివే పెట్టి, తన వస్తువులు మార్చేస్తున్నారు అని కదా. ఇప్పుడు నువ్వు చేస్తున్నదేమిటి? అది లేనప్పుడు బీరువా తీసి, దాని బట్టలు మార్చి, అచ్చం అలాగే తగిలిస్తున్నావు. దానికి జబ్బులో కనపడ్డ మనిషివి నువ్వే అయ్యావు చెల్లీ.

ఆ తల్లులు నిజం చెబుతుంటే ఎవరో అనిపిస్తున్నారంది. నువ్వు అయ్యుండొచ్చు అన్నావు.  ఒళ్ళు సంగతి తర్వాత. ఇది ఆపు. ముందు దానికి చెప్పు.

ఈ ఉత్తరం అందగానే చెప్పు. ఆలస్యం చెయ్యకు.

అక్క


మార్చి 24

అక్కా,

నీ దగ్గరినుంచి ఉత్తరమేమీ రాలేదు. నేనే రాయొద్దన్నాను కదా, అందుకేనేమో. కానీ ఇవాళ ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా తల పగిలిపోతుంది.

పార్సిలు వచ్చింది. నేను గేటు దగ్గర లేని వేళ, స్కూలు తొందరగా వదిలిన రోజు. నేను షాపునుంచి వచ్చేసరికి అది గది మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద తోపు గౌను, భుజాల దాకా వచ్చి ఆగిపోయింది. చేతులు పైకెత్తి, అందులో ఇరుక్కుని, ఎంతసేపటినుంచి అలా ఉందో! లోపలినుంచి "అమ్మా, తియ్యి, తియ్యి" అంటోంది. నేను లాగి తీశాను. గౌను చంక దగ్గర చిరిగింది.

నేను చిన్నగా నవ్వి, "పెద్దమ్మకి నంబరు తెలియదు పాపం" అన్నాను. అది లేచి బీరువాలోంచి నీలం గౌను తెచ్చింది. రెండిటి మెడ దగ్గర నంబరు చూసింది. రెండూ అదే నంబరు. ఒకదాని మీద ఒకటి పరిచింది. నీలం గౌను అటూ ఇటూ బయటికి కనపడుతోంది. "తోపుదానికి నడుము దగ్గర మడతలున్నాయి. దీనికి లేవు" అంది. "అది వేరే రకమేమో" అన్నాను. "కాదమ్మా. పోయినేడు ఇది తొడుక్కున్నప్పుడు నువ్వే ఆ మడతలు చూపించి, కుట్టు బాగుంది అన్నావు." అన్నానా అన్నాను. గుర్తులేదన్నాను.

గుర్తుందక్కా. కుట్టుపని చేసేదాన్ని, ఎందుకు గుర్తుండదు?

అప్పుడది నెమ్మదిగా, పిల్లలకి పాఠం చెప్పినట్టు, "ఇది నా గౌను కాదు" అంది. తర్వాత బీరువాలోని బట్టలన్నీ ఒక్కొక్కటీ తీసి వెలుతురు దగ్గర పట్టుకుని చూసి, మంచం మీద పడేసింది. అన్నీ పడేశాక నా వైపు తిరిగింది. అక్కా, అదే చూపు. నిరుడు చూసిన చూపే. నేనెవరో అన్నట్టు.

మాత్ర ఇచ్చాను. నోట్లో వేసుకుంది. మింగిందో లేదో తెలియదు. మునుపు నోరు తెరిచి చూపించేది, నవ్వుతూ. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

దేవుడా, దేవుడా అనడం తప్ప ఇంకో మాట రావడం లేదు.

చెల్లి


మార్చి 27

చెల్లీ,

నా ఉత్తరం నీకు అందిందో లేదో, నీది మాత్రం ఇవాళ అందింది. నేను నిన్నే ఒక పని చేశాను, అది ముందు చెప్పాలి. మంచో చెడో నాకు తెలియదు.

ఆగలేక నీ ఫోనుకి చేశాను. నువ్వు స్నానానికెళ్ళావట, అది ఎత్తింది. "పెద్దమ్మా, ఒక్కటి అడుగుతాను, నిజం చెబుతావా?" అంది. గొంతు చాలా నిదానంగా ఉంది, అదే నాకు భయమేసింది. "నువ్వు పంపిన గౌను ఏ నంబరు?" అదే నంబరే తల్లీ అన్నాను. "నీలం గౌనుకి నడుము దగ్గర మడతలుండేవా?" ఉండేవి, నేనే చూసి కొన్నానన్నాను. నువ్వు గుర్తులేదన్నావని నాకేం తెలుసు? తెలిసినా ఏమనేదాన్నో.  "అయితే మీ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు" అంది. పెట్టేసింది.

నేను పిరికిదాన్ని కాను, కానీ ఆ మాట విన్నాక మీ బావ పక్కనే కూర్చుని టీవీ చూస్తుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఏమైంది, ఇంత ప్రేమ?" అన్నాడు. చెప్పలేదు.

ఇప్పుడది రెండు దారుల మధ్య నిలబడి ఉంది. నీది అబద్ధమని తేలితే నీ మీద కోపమొస్తుంది. నీది నిజమనుకుంటే తన తలలో ఏదో ఉందనుకుంటుంది, లేదా నువ్వు తన తల్లివి కాదనుకుంటుంది. కోపమే మేలు కదటే? దానికి కోపం ఇచ్చెయ్యి. నేను లీవు అడిగాను, దొరకగానే బస్సెక్కుతా. కానీ నేను వచ్చేదాకా ఆగకు.

అక్క


ఏప్రిల్ 1

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది ఎక్కడ ఆగిపోయిందో. అవి అందిన రోజే జరగాల్సింది జరిగింది.

నేను ఆ రెండూ చదివి, మిషను ముందు కూర్చున్నాను. నువ్వు రాసిన మాట, దానికి జబ్బులో కనపడ్డ మనిషివి నువ్వే అయ్యావన్న మాట, నా చెంప మీద కొట్టినట్టయింది. నాకు తట్టలేదా అని అడిగావు. తట్టలేదక్కా. కుట్టు కనపడకూడదన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు నాకు.

తలెత్తేసరికి అది షాపు మెట్ల మీద ఉంది. స్కూలు కోటు వేసుకునే ఉంది, పిల్లల్ని వదిలేసి వచ్చినట్టుంది. చేతిలో సంచి. లోపలికొచ్చి నా మొహం చూడకుండా మా యజమాని ముందు కౌంటరు మీద రెండు గౌన్లూ పెట్టింది. "మీరు బట్టలు తెలిసినవాళ్ళు. ఈ నీలం గౌను ఎవరైనా మార్చారా, లేక నాకే అలా కనపడుతోందా చెప్పండి" అంది. షాపులో ఇద్దరు గిరాకీలున్నారు. యజమాని కళ్ళజోడు సవరించుకుని గౌను అందుకోబోయాడు. ఆయనకి ఒక్క క్షణం చాలు, నా చేతి కుట్టు ఆయనకి తెలుసు.

నేను లేచి ఆయన చేతికి అడ్డం పెట్టాను. "నేను చెబుతానండీ" అన్నాను.

గౌను లోపలివైపు తిప్పాను. వెలుతురులో పట్టుకుని, విప్పిన మడతల దగ్గర సూది పోయిన పాత చిల్లులు చూపించాను. వెనిగర్‌తో ఎంత ఇస్త్రీ చేసినా చిల్లులు పోవు, దగ్గరగా చూస్తే ఉంటాయి. దాని వేలు పట్టుకుని వాటి మీద పెట్టాను.

"ఇక్కడ మడతలుండేవా?" అంది.

"ఉండేవి."

"నేను చూశాను."

"చూశావు."

"ఎవరు విప్పారు?"

"నేనే. ఇదొక్కటే కాదు, నీ బట్టలన్నీ. నువ్వు స్కూలుకెళ్ళాక తెచ్చేదాన్ని."

"నేను లావయ్యాను."

"అయ్యావు. మందు వల్ల."

"పిల్లల తల్లులు నిజమే అన్నారు. వాళ్ళకెవరూ చెప్పలేదు."

"ఎవరూ చెప్పలేదు. నేను అయ్యుండొచ్చన్నది తప్పు."

అది స్టూలు మీద కూలబడింది. యజమాని ఫ్యాను దాని వైపు తిప్పి, గిరాకీలతో "ఇవాళ తీసుకోమండీ, రేపు రండి" అని వాళ్ళని మెల్లగా బయటికి నడిపించి, తనూ బయటే నిలబడ్డాడు. అది మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఒళ్ళొచ్చిందని ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి పోతే, "నా తల బాగానే ఉందమ్మా, నా కళ్ళు బాగానే ఉన్నాయి" అంటోంది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ.

ఆ తర్వాత వచ్చింది కోపం. నువ్వు రాసినట్టే. "నేను దేనికి భయపడతానో లోకంలో తెలిసింది నీకొక్కదానికే. అదే చేశావు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. వారంగా మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నానని కూడా చెప్పింది.  "అవి కూడా మార్చేశావేమో అనుకున్నాను" అంది.

ఇంటికి కలిసే నడిచాం. నాతో మాట్లాడలేదు. వీధి మలుపులో బండి వస్తే మాత్రం నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

అక్కా, నువ్వు రావద్దు ఇప్పుడే. ఇంకో మనిషిని చూస్తే తట్టుకోలేదు. కోప్పడకు.

నీ చెల్లి


ఏప్రిల్ 7

చెల్లీ,

లీవు రద్దు చేసుకున్నాను. సూపర్వైజరు నన్ను చూసి, "ఇవ్వడానికి వారం పట్టింది, వద్దనడానికి నిమిషం చాలిందా?" అని గొణిగాడు. కోపమేం లేదు. పిలిచిన రోజు వస్తాను.

ఒక్కటి భయంగా ఉంది. మాత్రలు వారం లేకపోతే ఏమవుతుంది? నువ్వు రాయలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయారా? అడ్డమైన సలహాలిచ్చే నోరు నాది, మాత్రలు మానెయ్యమని మనసులో అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు అనను. ఆవిడ చెప్పిందే చెయ్యండి.

దాన్ని అగ్గిపుల్ల అనడం మానేశాను. ఫ్యాక్టరీలో దాని గురించి చెప్పుకునేటప్పుడు నోట్లోకొస్తుంది, మింగేస్తాను. ఏమని పిలవాలో దాన్నే అడిగి రాయి. తోపు గౌను చింపి మసిగుడ్డ చేసుకోండి. నాకేం బాధ లేదు. ఉందిలే, కొంచెం ఉంది.

వెంటనే రాయి.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

వెంటనే రాయలేకపోయాను. రాయడానికి చేతులు ఖాళీగా ఉన్నా మనసు నిలవలేదు.

షాపులో ఆ గొడవ జరిగిన మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. అదే ముందు నడిచింది. నర్సమ్మ అలవాటుగా "వెనక్కి తిరగమ్మా" అంది. ఇది మిషను ఎక్కి ఎదురుగా నిలబడి, అంకె పైకి చదివింది. ఆ అంకె నీకు రాయను, అది దానిది. చదివాక కాసేపు దిగలేదు. పెదవి కొరుక్కుంటూ చూస్తూనే ఉంది. నేను తల దించుకున్నాను.

డాక్టరమ్మ ముందు నన్ను కూర్చోబెట్టి మందలించింది. మెత్తగానే, కానీ వదిలిపెట్టలేదు. "మీరు నాకు మొదట్లోనే చెప్పుంటే అప్పుడే ఏదో ఒకటి చూసేవాళ్ళం. ఈమె ఒళ్ళు గురించి ఈమెకి చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం?" అంది. దానితో, "మందు వల్ల వచ్చిన బరువు నీ తప్పు కాదు. అలాగని ఒక్కసారిగా మానకు. మానితే ఏమవుతుందో నీకు తెలుసు" అంది. "తెలుసు. బెంచీ గుర్తుంది" అంది ఇది. నాకు తెలియదు, దానికి గుర్తుందని. రక్తపరీక్షలు చేయించారు. ఈ మందు కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఇంకొకటి కొంచెం కొంచెం మొదలుపెట్టారు. కొత్తది పనిచేస్తుందా అని అడిగాను. "చూడాలమ్మా" అంది. వాళ్ళు చూడాలనే అంటారు. ఆ చూడటమే మనవల్ల కాదు.

మాటలు మళ్ళీ మొదలయ్యాయి, కొంచెం కొంచెంగా. బట్టలన్నీ నా ముందు పోసి, "ఇప్పుడు విప్పు, నేను చూస్తాను. ఎంత కావాలో నేను చెబుతాను" అంది. నేను టేపు పట్టుకున్నాను, అది చేతులు పైకెత్తి నిలబడింది. అంకె గట్టిగా చెప్పమంది. చెప్పాను. మొదటిసారి గొణిగితే మళ్ళీ చెప్పించింది. "నీ పని అదే కదా, రోజూ ఎంతమందికి చెబుతావు?" అని నవ్వింది. సాయంత్రాలు ఇద్దరం కాలవ దాకా నడుస్తున్నాం. ఆకలి ఇంకా ఉంది. ఇప్పుడు గోడవైపు తిరగకుండా తింటోంది, నాకెదురుగా.

నువ్వడిగిన మాట అడిగాను, ఏమని పిలవాలని. "పెద్దమ్మకి ఇష్టమైనట్టు పిలవమను, కానీ చూసి పిలవమను" అంది. నీకు అర్థమైతే నాకు చెప్పు.

అక్కా, ఇవన్నీ చదివి అంతా కుదుటపడిందనుకోకు. మొన్న భోజనం చేస్తూ ఉన్నట్టుండి చెంచా పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది మనదేనా అమ్మా?" అంది.   నిరుడు ఇలాగే మొదలైంది, ఒక చిన్న వస్తువుతో. ఏం చెప్పను? మనదే మనదే అని గబగబా అంటే నమ్మదు. నా మొహంలో ఏం కనపడిందో, అది నన్నే చూస్తోంది. చివరికి చేతిలోంచి తీసుకుని, దాన్ని కిటికీ వైపు తిప్పి నేనూ చూశాను. నిజంగా చూశాను. "మనదే. మొన్న మూత ఊడదీయడానికి వాడాను, కాడ వంగింది" అన్నాను. అది కాడ తడిమి, "ఆ, వంగింది" అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. కాసేపాగి, "అడుగుతున్నానంతే. అడగొచ్చు కదా?" అంది. అడగొచ్చే తల్లీ, వందసార్లు అడగొచ్చు అన్నాను.

అది మామూలుగా అడిగిందా, జబ్బు అడిగించిందా? నాకు తెలియదు. కొత్త మందు పట్టేదాకా, పట్టాక కూడా, నాకు తెలియదేమో. గ్లాసు కింద పెట్టిన చప్పుడైతే వింటున్నాను, చెప్పులు వేసుకునే ముందు ఒక్క క్షణం ఆగితే లెక్కపెట్టుకుంటున్నాను. చాటుగా చూడొద్దంది. "చూడు, చూడొద్దనను. ఎదురుగా చూడు. ఏమైనా అనిపిస్తే నన్నడుగు, నా వెనక ఏమీ చెయ్యకు" అంది. దేవుడి సాక్షిగా మాటిచ్చాను. బీరువా తలుపు కూడా దాన్ని అడిగే తీస్తున్నాను.

నీకు ఉత్తరాలు రాస్తున్నానని కూడా చెప్పేశాను. దానికి కోపమొస్తుందనుకున్నాను. ఎంగిలి గిన్నెలు తీస్తూ, "రాసుకో. నీ భయం ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. రోజూ నా మొహం మీద పెట్టకుంటే చాలు" అంది.

అందుకని ఇక్కడ పెడుతున్నాను. నువ్వే మోయాలి, తప్పదు, అక్కవి కదా. ఈ కాగితాలు చింపెయ్యకు, ఎక్కడైనా భద్రంగా దాచు. బావగారికి గానీ, నీ పిల్లలకి గానీ చూపించకు. చదివినవాళ్ళు ఇందులో ఉన్నదంతా దాని జబ్బనుకుంటారు. సగానికి పైగా నా భయమని నీకు తెలుసు, వాళ్ళకి తెలియదు. అది ఎప్పుడైనా మీ ఇంటికొచ్చి, ఇవ్వు పెద్దమ్మా అని చెయ్యి చాపితే మాత్రం, ఎందుకని అడక్కుండా ఇచ్చెయ్యి.

నీ చెల్లి